జీపు వద్దు, కాఫీ వద్దు

తెనాలిలో రేపల్లె బస్సెక్కి సీటు సంపాదించడమంటే, ఆ రోజుల్లో ఒక కోట గెలిచినంత పని. 1988 శ్రావణంలో, ఆకాశానికి చిల్లు పడినట్టు వాన కురుస్తుండగా, అలా కోట గెలిచి కూర్చున్నాడు దేవసహాయం.

బాపట్ల కుర్రాడు. గుంటూరులో, కాలుష్యం సంగతి చూసే సర్కారు ఆఫీసులో ఉద్యోగం. రూలు తప్పడమంటే భయం. ఆడపిల్లలంటే అంతకన్నా భయం. కాళ్ల దగ్గర ఒక ఐసు పెట్టె.

బస్సు అరగంట నడిచిందో లేదో, ముందు సీట్లో అమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఏంటండీ ఇది? వాన పైనుంచి పడుతుందని విన్నాం. మీరు కింద నుంచి కురిపిస్తున్నారేంటి?"

పెట్టెలోంచి కారిన నీళ్లు ఆమె సంచి కిందికి చేరాయి. సంచిలో మూడో తరగతి పిల్లల పరీక్ష పేపర్లు.

"సారీ అండి. ఐసండి."

"చేపలా?"

"కాదండి. ఖాళీ సీసాలండి."

"ఖాళీ సీసాలకి ఐసెందుకండీ, జ్వరమొచ్చిందా?"

బస్సంతా గొల్లుమంది. దేవసహాయం చెవులు ఎర్రబడ్డాయి.

"భట్టిప్రోలు అవతల కాలవలో నీళ్లు పట్టి, చల్లగా ల్యాబుకి చేర్చాలండి. మిల్లు మీద కంప్లయింటు వచ్చింది."

"ఒకటి కాదు, పదకొండు. అన్నీ నేనే రాశాను. నా పేరు కుమారి." ఆమె సంచిలోంచి కార్డుల కట్ట తీసింది. "పదకొండింటికీ ఒకటే జవాబు. 'మీ ఫిర్యాదు అందినది. పరిశీలనలో ఉన్నది.' కింద కోడి గీకినట్టు సంతకం. ఆ మహానుభావుడెవరో మీకు తెలుసా?"

దేవసహాయం వంగి ఐసు పెట్టె మూత సర్దాడు.

"నేనేనండి."

ఆమె కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. తర్వాత రేపల్లె రోడ్డు గుంటలన్నీ దాటేదాకా వెనక్కి తిరగలేదు. కుర్రాడు మాత్రం ఆ జడ వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఆ కాలవ సంగతి చెప్పాలి. గట్టున అట్టల మిల్లు. వరిగడ్డి ఉడికించిన మురికంతా కాలవలోకే. తెల్ల బాతు దిగితే కాఫీరంగు బాతై ఒడ్డెక్కేదట. కొంగలు ఒంటికాలి మీద నిలబడేది తపస్సుకి కాదు, రెండో కాలితో ముక్కు మూసుకోవడానికట. అబద్ధమంటే అక్కడి కొంగల్నే అడగాలి. అబద్ధం కానిది ఒకటుంది. కుమారి బళ్లో పిల్లలు ఆ నీళ్లే తాగేవాళ్లు. వారానికి నలుగురైనా కడుపునొప్పితో మెలికలు తిరిగేవాళ్లు.

దేవసహాయం బస్సు దిగి, రూలు ప్రకారం తిన్నగా మిల్లు ఆఫీసుకి వెళ్లి, తనెవరో చెప్పుకున్నాడు. మేనేజరు కాఫీ ఇచ్చాడు. మర్యాదకి తాగాడు. తూము దగ్గరికి వెళ్లేసరికి, అందులోంచి కొబ్బరినీళ్లలాంటి నీళ్లు వస్తున్నాయి. సీసా నింపి, సీలు వేసి, తెచ్చాడు.

సాయంత్రం బస్టాపులో కుమారి సంగతంతా విన్నది.

"అంటే, దొంగ ఇంటికెళ్లి, 'దొంగగారూ, తమరు ఎప్పుడు దొంగతనం చేస్తారు?' అని అడిగి, కాఫీ తాగి వచ్చారన్నమాట."

"రూలండీ..."

"మీ జీపు వచ్చినా అంతే. అంగలకుదురు దాటగానే ఎవడో మిల్లుకి ఫోను కొడతాడు."

ల్యాబు ఫలితం వచ్చింది. 'పరిమితులకు లోబడి ఉన్నది.' ఆ కాగితం ఆమెకి పంపిన రోజు దేవసహాయానికి అన్నం సయించలేదు.

వారానికి పన్నెండో ఉత్తరం. విప్పితే అందులో చేతిరుమాలు, చిక్కటి టీరంగులో. 'మొన్న ఆదివారం మీ పరిమితుల్లో ముంచాను. మొన్నటిదాకా ఇది తెల్లది. ఆదివారం చర్చిలో రెండో గంట కొడితే ఊరంతా లోపలికి పోతుంది. అప్పుడే తూము తెరుస్తారు. వచ్చే ఆదివారం రండి. జీపు వద్దు. కాఫీ వద్దు.'

ముక్కు బద్దలయ్యే వాసన. అయినా దేవసహాయం ఆ రుమాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసులో రెండు రోజులు ఎవరూ అతని పక్కన కూర్చోలేదు.

ఆదివారం. కుమారి తండ్రి జ్ఞానానందం మేష్టారు చర్చి పెద్ద. గంట తాడు ఆయన చేతిలోనే. మొదటి గంట కొట్టారు. జనం చర్చిలోకి ముందు గుమ్మంలోంచి వెళ్లి, వెనక గుమ్మంలోంచి బయటికొచ్చి, చప్పుడు చెయ్యకుండా జమ్ముపొదల చాటున, అప్పటికే బస్సులో వచ్చి దాక్కున్న దేవసహాయం పక్కన సర్దుకున్నారు. పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు.

రెండో గంట మోగింది. మిల్లు కాపలాదారు హనుమయ్య, అలవాటు ప్రకారం, కూనిరాగం తీస్తూ తూము ఎత్తాడు.

గోధుమరంగు నురగ బుసకొడుతూ కాలవలోకి దూకింది. పొదల్లోంచి నూటయాభై మంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. హనుమయ్య నోట్లో రాగం నోట్లోనే ఉండిపోయింది.

దేవసహాయం మోకాలి లోతు దిగి సీసాలు నింపాడు. మేనేజరు భుజాన తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఇవాళ ఆదివారం కదండీ! మీకు సెలవు కదా?"

"నాకు సెలవేనండి. కాలవకి లేదుగా." అన్నాక తన ధైర్యానికి తనే ఆశ్చర్యపోయాడు. "రూలు ప్రకారం ఒక సీసా మీకు, ఒకటి నాకు. రెండిటి మీదా ఇద్దరి సంతకాలు."

"నేను పెట్టను!"

"పర్లేదు నాయనా," అన్నారు మేష్టారు నెమ్మదిగా. "నువ్వు పెట్టేదాకా ప్రార్థన ఇక్కడే చేసుకుంటాం. ఇవాళ పాటలు చాలా ఉన్నాయి."

మూడో పాటలో, సంతకం పడింది.

అప్పుడు చూస్తే పెట్టెలో ఐసు లేదు, ఎండకి నీరైపోయింది. దేవసహాయం మొహం పాలిపోయింది. "చల్లగా చేరకపోతే ఈ పరీక్ష చెల్లదండీ..."

గట్టున నిజాంపట్నం చేపల బుట్టతో వెళుతున్న పుల్లమ్మ ఆగింది. కాలవ చేపలు చచ్చాక ఆమె బేరం సముద్రపు చేపలతోనే.

"చెడిపోయిన నీళ్లు చెడిపోకుండా ఐసు కావాలా బాబూ? ఇదేం ఉద్యోగమయ్యా!" అంటూనే బుట్టలో ఐసంతా పెట్టెలో గుమ్మరించింది. "నా పండుగప్పలు పోతే పోనీ. ఇది గెలవాలి."

రేపల్లె స్టేషన్లో రైలు కదలబోతోంది. కుమారి కిటికీలోంచి పెట్టె అందించింది. చేపల వాసన, కాలవ వాసన, ఆమె జడలో మల్లెల వాసన. దేవసహాయానికి మూడోదే తెలిసింది.

"కుమారిగారూ, మిమ్మల్ని... మీకు అభ్యంతరం లేకపోతే... జీవితాంతం..."

రైలు కూసింది. ఆమె చెంపలు కెంపులయ్యాయి. నోరు మాత్రం తగ్గలేదు.

"మీ విన్నపం అందినది. పరిశీలనలో ఉన్నది."

"ఎప్పటిదాకా అండీ?"

"కాలవలో దిగితే నా కాలివేళ్లు నాకు కనిపించేదాకా!"

ఈసారి ల్యాబు కాగితం పిడుగై పడింది. మురుగు శుభ్రం చేసే తొట్లు కట్టేదాకా మిల్లు మూత. దేవసహాయం తొట్ల దగ్గరికి ఎన్నిసార్లు తనిఖీకి వెళ్లాడో, మేనేజరు వేళ్లు చాలక లెక్క మానేశాడు. తిరిగొస్తూ బడి మీదుగా వెళ్లిన ప్రతిసారీ, కిటికీలోంచి ఒకటే మాట: "పరిశీలనలోనే ఉందండీ!"

క్రిస్మస్ ముందర పదమూడో ఉత్తరం వచ్చింది. చిన్న సీసా, లక్కసీలుతో. లోపల అద్దంలాంటి నీళ్లు. 'పదివేళ్లూ కనిపించాయి. చిటికెనవేలిని చేపపిల్ల కొరికింది కూడా. తనిఖీకి రండి. ఈసారి రూలు ప్రకారం ముందు ఆఫీసుకి, అంటే మా నాన్నగారి దగ్గరికి, వెళ్లండి. కాఫీ తప్పకుండా తాగండి.'

బాపట్ల నుంచి తల్లి వరమ్మని తీసుకుని వెళ్లాడు. మేష్టారు కాఫీ ఇచ్చారు. వరమ్మ ఒక గుక్క తాగి, గ్లాసెత్తి చూసింది.

"ఇవి ఆ కాలవ నీళ్లేనా అన్నయ్యగారూ?"

"కాచి వడపోసినవే చెల్లెమ్మా. మీ అబ్బాయి చలవ."

"అయితే ఇంకో గ్లాసు పోయించండి. పెళ్లి జనవరిలో పెట్టుకుందాం."

పెళ్లిరోజు చర్చి కిటకిటలాడింది. పుల్లమ్మ ముందు వరసలో కూర్చుంది. మేష్టారి కళ్లు చెమర్చి తాడు కనిపించకపోతే, ఆ పని హనుమయ్య అందుకున్నాడు.

రెండో గంట మోగింది. అలవాటు చొప్పున ఊరంతా ఒక్కసారి కిటికీల్లోంచి కాలవ వైపు చూసింది. పెళ్లికొడుకు కూడా.

నీళ్లు ఆకాశంలా ఉన్నాయి. మూరెడు కొరమీను ఒకటి పైకెగిరి, పెళ్లికూతుర్ని చూసి, మళ్లీ నీళ్లలో పడిందంటారు.

"అటు కాదు, ఇటు," అంది కుమారి, రిజిస్టరు అతని ముందుకు జరిపి. "రెండు సంతకాలూ పడాలి. రూలు."

కోడి గీకినట్టే పెట్టాడు.