ముద్ద ముట్టని ముద్దుల అల్లుడు

“గురువారం సాయంత్రం మీతో రాలేనండి. నాకు కౌన్సెలింగ్ ఉంది,” అన్నాడు అవినాష్.

హైటెక్ సిటీలో ఆ ఆఫీసు కిటికీ బయట బండలు పగలగొడుతున్నారు. ఆ ధనధనల్లో వర్షిత చెవికి చేరింది ‘క్యాన్సిలింగ్’.

“ఏంది క్యాన్సిల్? ఆదివారం మా ఇంటికి వచ్చేదా?”

“క్యాన్సిల్ కాదండీ, కౌన్సెలింగ్!”

“ఎంసెట్ కౌన్సెలింగా? ఇంజనీరింగ్ ఒకసారి చదివితే సాల్లేదా నీకు?”

అవినాష్ నవ్వి, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాడు.

వర్షితకు ఆ మనిషి సగమే అర్థమయ్యేవాడు. ప్రేమేమో రెండు సగాల మీదా. అది 1999 జూన్. ఆఫీసంతా కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే హడావుడిలో ఉంటే, ఇతను ఆ ఉక్కపోతలో చొక్కా మీద చొక్కా వేసుకుని కోడ్‌లో తప్పులు ఏరేవాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో కనపడడు. అతని నోట్లోంచి ‘అండి’ రావడమే తప్ప, నోట్లోకి తిండి పోవడం ఎవరూ చూళ్లేదు. “మా నాయిన నిన్ను చూస్తనన్నడు” అని ఆమె చెప్పిన రోజు మాత్రం చెవులు ఎర్రబడేదాకా సిగ్గుపడి, “సరేనండి” అన్నాడు.

ఆదివారం కొండాపూర్‌లో పోచయ్య ఇల్లు ఘుమఘుమలాడింది. ఆ ఇంట్లో ఒకటే పద్ధతి. పిల్లను చూడ్డానికొచ్చినవాడు తింటే సంబంధం ఖాయం, తినకుండా లేస్తే వద్దన్నట్టు. నోటితో చెప్పే పనే లేదు.

“తిను కొడుకా, గాలొస్తే ఎగిరిపోయేటట్టున్నవ్!” అంటూ వర్షిత తల్లి చంద్రమ్మ అన్నం మీద పప్పు వేసి, దానిమీద కోడి పులుసు పోసి, తనే కలిపి పెట్టింది.

అవినాష్ కంచం వంక చూశాడు. మొహం పాలిపోయింది. “క్షమించండి,” అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అతను గేటు దాటగానే పోచయ్య తేల్చేశాడు. “ఇగ అయిపోయింది. శుక్రవారం పటాన్‌చెరువోళ్ల సంబంధానికి అవునని చెప్పొస్త.”

మర్నాడు వర్షిత ఆఫీసులో అతన్ని నిలదీసింది.

“మా అమ్మ కూర నచ్చలేదా, నేను నచ్చలేదా?”

“మీరు నచ్చకపోవడమేంటండీ!”

“మరి లేస్తివెందుకు? మా ఇంట్ల లేస్తే పెండ్లి వద్దన్నట్టు!”

అవినాష్ నోరు తెరుచుకుపోయింది. “అన్నం వదిలేస్తే అమ్మాయిని వదిలేసినట్టా? నాకు తెలీదండీ!” ఆ వెంటనే, “గురువారం నాతో కౌన్సెలింగ్‌కి రండి. నేనొక్కణ్ణే చెప్తే సగంలో ఆగిపోతాను,” అన్నాడు.

గురువారం వానలో తడుస్తూ ఇద్దరూ మాదాపూర్‌లో కౌన్సెలర్ రాజరాజేశ్వరి గారి గదికి చేరారు.

“ఆటిజం అంటారమ్మా,” అందావిడ. “పిల్లలకే అనుకుంటారు, ఆ పిల్లలూ పెద్దవుతారుగా! మనకు కమ్మగా ఉండే కలిపిన ముద్ద ఇతని నాలుకకు ఇసుక. బలవంతం చేసేకొద్దీ తినడమే మానేశాడు. మానేసి, అద్దంలో ఎముకలు చూసుకుని సిగ్గుపడ్డాడు.”

“నయమైతదా మేడమ్?”

“మారిపోవడానికి రావట్లేదమ్మా. భయం లేకుండా తినడానికి వస్తున్నాడు.”

అవినాష్ నేలచూపులు చూస్తూ అన్నాడు. “బళ్లో నన్ను అగ్గిపుల్ల అనేవారండీ. రెండు చొక్కాలేస్తే కాస్త మనిషిలా కనిపిస్తానని...”

వర్షిత కుర్చీ అతని వైపు జరుపుకుంది. “నేను ఇష్టపడ్డది చొక్కాలను కాదు,” అంది. “నేను ఎంత వాగినా నువ్వు పూర్తిగ వింటవ్. దాన్ని.”

“అంటే... నేనంటే ఇష్టమేనాండీ?”

“ఇంక డౌటా నీకు!”

శుక్రవారం పోచయ్య చెప్పులేసుకునేసరికి అవినాష్ వాకిట్లో ఉన్నాడు.

“నేను మీ అమ్మాయిని వద్దనలేదండీ. కలిసిపోయిన అన్నం నా వల్ల కాదు. చిన్నప్పట్నుంచీ అంతే. అది చెప్పడానికి సిగ్గుపడ్డాను,” అన్నాడు గుక్కతిప్పుకోకుండా.

చంద్రమ్మ కళ్లొత్తుకుంది. “ముందే చెప్పకపోతివి కొడుకా! ఏం తింటవ్ మరి?”

“వేడన్నం, నెయ్యండీ. కూర పక్కన... అన్నానికి తగలకుండా.”

కంచం వచ్చింది. “ఎవ్వరు చూడకుండ్రి, పిల్లగాన్ని తిననియ్యుండ్రి!” అని చంద్రమ్మ అందర్నీ అటు తిప్పింది. అవినాష్ నెమ్మదిగా తిన్నాడు.

గోడ మీంచి పక్కింటి నర్సయ్య తొంగిచూశాడు. “ఏందే పోచయ్యా, వద్దని పోయిండంటివి?”

“వద్దనలేదే నర్సయ్యా! కలిపి పెడితే తినలేడంట, విడిగ పెడితే తింటడు!” గల్లీ అంతా వినేలా అరిచాడు పోచయ్య. “విడివిడిగ ఉండాల్సింది అన్నం, కూరనే. పిల్ల, పిల్లగాడు కాదు!”