గుడ్డ కట్టిన తల

ఇస్తారి పరుగెడుతున్నాడు.

చంకలో చెక్కపెట్టె. కాళ్ల కింద నిప్పులాంటి ఇసుక. వెనకే బూట్ల చప్పుడు...

జూలై. మధ్యాహ్నం ఒంటిగంట. ఎడారి దేశంలో, రుసైల్‌లో కడుతున్న గోడౌన్ సైట్ నిశ్శబ్దంగా ఉంది. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని నిషేధం. కూలీల బస్సు ఇందాకే క్యాంపుకు వెళ్లిపోయింది.

"ఆగరా! కాలుస్తా!"

సైట్ ఇంజనీర్ జయదేవ్. అతని కారు డిక్కీలోంచే ఇస్తారి ఈ పెట్టె ఎత్తుకొచ్చాడు.

జయదేవ్ పుర్రె దాచిన పెట్టె. సొరకాయలా వెనక్కి సాగిన పుర్రె. వేల ఏళ్ల నాటిది. ఈ సాయంత్రం సరిహద్దు ఊరు బురైమిలో దాన్ని కొనేవాడు ఎదురుచూస్తున్నాడు.

పునాది గొయ్యి అంచున ఇస్తారి ఆగుతాడు.

ఇరవై అడుగుల లోతు. తమ్ముడు కుమార్ పారకు ఆ పుర్రె తగిలింది ఇక్కడే.

పది రోజుల క్రితం కుమార్ చచ్చిందీ ఇక్కడే.

"పెట్టె ఇటివ్వు." జయదేవ్ రొప్పుతున్నాడు. చేతిలో పిస్టల్.

"మా తమ్ముడు ఏమన్నడని సార్?"

"ఎవరి ముందు ఏం వాగాలో తెలీదు వాడికి. ఇది మనిషిది కాదు, వేరే లోకం వాళ్లదని నేను చెబుతున్నా. నడినెత్తిన ఎముకల అతుకే లేదని చూపిస్తున్నా. వీడు మధ్యలో దూరి, గుడ్డ కట్టిన తల అన్నాడు. కొనేవాడు లేచి వెళ్లిపోబోయాడు తెలుసా?"

"మరి అబద్ధమా? మా అవ్వ శాంతవ్వ ఊర్ల పసిపోరలకు తానం పోస్తది. నూనె రాసి, నెత్తి ఒత్తి గుండ్రంగ జేస్తది. పసితల మెత్తగుంటది సార్. గప్పటోళ్లు గుడ్డ జుట్టి పొడుగు జేసిన్రు. నొసటి మీద కట్టు గాడి లేదా? అతుకంటవా, వయసు మీదపడితే కలిసిపోతది."

"పెద్ద సైంటిస్టువి బయల్దేరావ్."

"అందుకే తోసినవ్."

జయదేవ్ నవ్వుతాడు. "విరామంలో రూల్ తప్పి పనికెళ్లాడు. జారిపడ్డాడు. కాగితంలో అంతే ఉంది."

ఇస్తారి ఆ రోజు అల్ హైల్‌లోని వేరే సైట్‌లో ఉన్నాడు. తోటి కూలీలు తర్వాత చెప్పారు. కుమార్ రెండు గంటలు అరిచాడట. నీళ్లడిగాడట. షెడ్డు నీడలోంచి వాళ్లు పరుగెత్తబోతే జయదేవ్ అడ్డం నిలబడ్డాడట.

రూల్ రూలే. మూడున్నర దాకా ఎవడూ ఎండలోకి రాకూడదు అన్నాడట...

అంచున వేలాడుతున్న తాడు కొక్కేనికి ఇస్తారి పెట్టె తగిలించి వదిలేస్తాడు. సర్రున కిందికి జారుతుంది.

"పో, తెచ్చుకో. నన్ను దింపితే రాయేసి పగలగొడత."

జయదేవ్ నాలుగు వైపులా చూస్తాడు. ఎవరూ లేరు.

"వెనక్కి జరిగి కూర్చో. అంచున నీ తల కనిపించిందా, పేలుస్తా."

నిచ్చెన దిగుతాడు. ఒక కన్ను పైనే. ఒక చెయ్యి పిస్టల్ మీదే.

పెట్టె గొళ్లెం తీస్తాడు.

పసుపు హెల్మెట్!

ఒక పక్క పగిలింది. లోపల అంటించిన పాస్‌పోర్ట్ సైజు ఫొటోలో అమ్మాయి నవ్వుతోంది. సంగీత. కుమార్ భార్య. పెళ్లై నాలుగు నెలలు. రోజూ హెల్మెట్ పెట్టుకునే ముందు ఆ ఫొటోకి "డ్యూటీకి పోతున్న" అని చెప్పేవాడు కుమార్.

"పుర్రె పొద్దుగాల్నే తీసి పోలీసులకిచ్చిన." పైనుంచి ఇస్తారి గొంతు. "నిన్ను దీస్కపోను ఆళ్లు మూడున్నరకొస్తరు."

ఇసుక రాలుతుంది...

ఒక చోట కాదు. గొయ్యి చుట్టూ.

అడుగుల చప్పుడు. పది... ఇరవై... యాభై.

బస్సు ఖాళీగా వెళ్లింది!

నిచ్చెన పైకి లేస్తుంది. జయదేవ్ ఎగిరి పట్టుకోబోతాడు. అందదు.

ధన్!

గుండు ఉత్త ఆకాశంలోకి పోతుంది.

పైన ఎవరూ అరవరు. ఎవరూ పారిపోరు.

"నిచ్చెన వెయ్యరా ఇస్తారీ... చచ్చిపోతాను. నీళ్లన్నా పొయ్యండ్రా."

"ఏస్తం సార్. గది గూడ పనే గదా?"

జయదేవ్ వాచీ చూసుకుంటాడు.

ఒంటిగంటా పదహారు.

"రూల్ రూలే సార్."