కొఠారు పళ్ళు కొరికిన రాత్రి

కాకినాడ దాటి తుని వైపు సముద్రం ఒడ్డునే పోయే రోడ్డు మీద ఒక పాత ఉప్పు కొఠారు ఉందట. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ బండి ఆపరు. లోపల ఏదో పళ్ళు కొరుకుతుందంటారు. ఎప్పుడో ఉప్పు బస్తాలు మీద పడి చనిపోయిన కాటా గుమాస్తా అని కొందరు, కాదు, వాడి కోసం ఏడ్చి ఏడ్చి పోయిన పెళ్ళాం అని కొందరు. ఎవరైతేనేం... కటకటమని కొరకడం మాత్రం అందరూ విన్నదే.

ఈ సంగతి ముందే తెలిస్తే గోదావరిఖని సదయ్య సముద్రం చూడ్డానికి బయల్దేరేవాడే కాదు.

సదయ్య బొగ్గుబాయిలో ముప్ఫై నాలుగేళ్ళు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. భూమి లోపల అంత చీకట్లో బతికిన మనిషికి దయ్యాలంటే చచ్చేంత భయం. సెకండ్ షిఫ్టు దిగి అర్ధరాత్రి వచ్చేటప్పుడు శ్మశానం పక్క దారి దగ్గరైనా సరే, ఊరంతా చుట్టి ఇల్లు చేరేవాడు. భార్య జమునకు ఆయన సొంత మేనబావ. మరదలి నోటికి ఇంతకంటే మేత ఏం కావాలి?

రిటైరైన రెండేళ్ళకు సెకండ్‌హ్యాండు కారు ఒకటి కొన్నారు. బిడ్డ పెళ్ళై వెళ్ళిపోయాక ఇంట్లో మూడో మనిషి మోతి అనే కుక్కే. దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, తీరం వెంబడే విశాఖ దాకా పోదామని బయల్దేరారు. ఎడమ పక్క సరుగుడు తోటలు, కుడి పక్క సముద్రం. అలను చూసి మోతి మొరగడం, మోతిని చూసి జమున నవ్వడం... ప్రతి మలుపులో ఆగుతూ పోయేసరికి పొద్దు గూకింది.

టీకి ఆగిన చోట కొట్టు ముసలామె గ్లాసులు అందిస్తూ మెల్లగా చెప్పింది. “ముందర ఉప్పు కొఠారు వస్తాదండి. అక్కడ మాత్రం బండి ఆపకండి బాబూ.” కథంతా చెప్పింది కూడా. సదయ్య టీ సగంలోనే వదిలేశాడు.

“అద్దాలు ఎక్కియ్యి,” అన్నాడు కారెక్కగానే.

“దయ్యానికి అద్దం అడ్డమా బావా?” అంది జమున. మోతికి గాలాడాలని వెనక అద్దం దించే ఉంచింది.

ఆపకూడదన్న చోటే ఆపాల్సొచ్చింది. సరిగ్గా కొఠారు ఎదురుగా, లైట్ల వెలుగులో రోడ్డు నిండా పీతలు. సదయ్య బ్రేకు తొక్కాడు. బొగ్గు ఊళ్ళో పుట్టిన మోతి జన్మలో పీతను చూసి ఎరగదు. ఒక్క ఎగురు ఎగిరి కిటికీలోంచి దూకి, ఒకదాని వెంట పడి... తిన్నగా ఆ తలుపుల్లేని కొఠారులోకి దూరింది.

మెడ గొలుసు గలగలమంది. దేనికో చిక్కుకుని బిగుసుకుంది. ఆ తర్వాత... సన్నగా మూలుగు.

“పో బావా, పట్టుకరా,” అని గుసగుసలాడింది జమున.

“నువ్వు పో.”

“నేను ఆడిదాన్ని.”

“లోపలున్నది గుమాస్తా పెండ్లామంటున్నరు గద. ఆడోళ్ళు ఆడోళ్ళు మాట్లాడుకోండ్రి.”

జమున నవ్వబోయింది కానీ మోతి మళ్ళీ ఏడ్చింది. ఇక ఆగలేక, సెల్‌ఫోను లైటు వేసుకుని తనే గుమ్మం దాకా నడిచింది. దయ్యం భయం కంటే మోతిని వదిలి పోవాల్సొస్తుందేమో అన్న భయం పెద్దదైంది. సదయ్య ఆమె కొంగు పట్టుకుని, వెనకే అడుగులో అడుగు వేశాడు.

అప్పుడు వినిపించింది.

క...టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ... కర్ర్‌ర్... టక్. చీకట్లో ఎవరో నింపాదిగా పళ్ళు కొరుకుతున్నట్టే ఉంది. పైనుంచి సున్నం జలజల రాలింది.

సదయ్య కొంగు వదిలేశాడు. పారిపోతాడనుకుంది జమున. ఆయన మెడ పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వింటున్నాడు.

“దయ్యం కాదే,” అన్నాడు. గొంతులో వణుకు పోయింది. “రూఫు. బరువు దిగుతాంది. దూలం ఇరిగేముందు గిట్లనే మాట్లాడుతది.”

జమునకు అప్పుడు పుట్టింది అసలు భయం. “అయితే పోకు బావా.”

“మోతి ఉన్నది గద లోపల.”

వలలు ఆరేసే సరుగుడు వాసం ఒకటి గోడకు ఆనించి ఉంది. దాన్ని భుజానికెత్తుకున్నాడు. “లైటు నా మొకం మీద గాదు, పైన పట్టు. నేను చెప్పేదాక గడప దాటకు.” ఆ గొంతు జమున ఎన్నడూ వినలేదు. ఇంట్లో కళ్ళద్దాలు కూడా ఆమె వెతికి ఇస్తే తప్ప దొరకని మనిషి.

వాసం కొనతో పైకప్పును తడుతూ, వింటూ, ఒక్కో అడుగు వేశాడు. వంగిన దూలం కింద వాసం నిలబెట్టి, సందులో చెక్కముక్క పెట్టి రాయితో దిగ్గొట్టాడు. వాసానికి చెవి ఆనించాడు... చాలాసేపు. అప్పుడు వంగి గొలుసు విడిపించి, మోతిని చంకనెత్తుకున్నాడు. పరుగెత్తలేదు. వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ బయటికి నడిచాడు.

కారు దగ్గరికి చేరారో లేదో, వెనక కొఠారు ఒక్కసారిగా కూలింది. దుమ్ము రోడ్డు దాకా వచ్చింది. ఆ దుమ్ములోంచి తెల్లగా ఏదో లేచి, రెక్కలు విదిల్చి, వాళ్ళ తలల మీదుగా పోయింది.

సదయ్య కుక్కతో సహా జమున వెనక నక్కాడు. “గ-గదేంది?”

“గుడ్లగూబ బావా.”

తునిలో లాడ్జి మంచం మీద వాలీ వాలకముందే ఆయన గుర్రు పెట్టాడు. కాళ్ళ దగ్గర మోతి. జమునకు మాత్రం కన్ను మూతపడలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఈయన టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతే, తలుపు గడియ పెట్టుకుని తను హాయిగా పడుకుంది. దయ్యాల గురించి ఆటపట్టించిందే కానీ, ఆ బాయి పైకప్పు ఎట్లా ఉంటుందో ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడు అన్ని రాత్రుల భయమూ కట్టగట్టుకుని వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుని కుదిపింది.

“బావా... లే బావా. భయమైతాంది.”

సదయ్య అదిరిపడి లేచి, గది నాలుగు మూలలూ చూశాడు. “ఏంది? దయ్యమా?”

“దయ్యం గాదు.”

“దయ్యం గాకపోతే ఫికరెందుకే,” అని అటు తిరిగి పడుకున్నాడు.