తోడురూపుల మంద

వకుళ వాసనగుడ్డతో ఆరో తోడురూపు మెడను రుద్ది, జూలు సరిచేసింది. ఆరు యంత్రాలూ చూడటానికి అచ్చం జీబ్రాలే. డొక్కలు ఎగసిపడతాయి, తోకలు ఈగల్ని తోలతాయి. గుడ్డకున్న చెమట వాసన మాత్రం మూడేళ్ల క్రితం జబ్బు చేసి చనిపోయిన అసలు మందది.

పీఠభూమి మీద పొగమంచు విడుతోంది. ఆమె మాటుగదిలోకి వెళ్లి తలుపు వేసుకోగానే తోడురూపులు గడ్డిలోకి నడిచాయి. అక్కడ నిలబడి ఉంది, ఆఫ్రికాలో మిగిలిన ఆఖరి జీబ్రా. ఒంటరిదైతే మేత మానేస్తుందని ఈ మందను తయారుచేశారు. లోయ అంచున విడిదిలో దిగిన అతిథులకు అద్దాల గోడలోంచి ఏడు జీబ్రాలు కనిపిస్తాయి. వాళ్లకు తేడా ఎవరూ చెప్పరు.

"ఇయ్యాల కూడా తిన్లేదేటక్కా?" చెవిలో ఉమాపతి గొంతు. అనకాపల్లి వాడు. నియంత్రణ గదిలో ఉంటాడు.

"లేదు. మూడో రోజు."

"ఇంకో బొమ్మని దింపమంటంది వ్యవస్థ. నువ్వు ఊఁ అంటే మజ్జానానికి దింపేత్తాను."

ఆమె చెక్కల సందులోంచి జీబ్రానే చూస్తోంది.

"మాటాడవేటి? నీకన్నా ఆ బొమ్మలే నయం, గోకితే పలుకుతాయి."

జీబ్రా మొదటి తోడురూపు దగ్గరకు వెళ్లి దాని మెడ మీద పళ్లతో గోకింది. మూడు ఊపిరుల తర్వాత అది కూడా, సరిగ్గా అదే చోట, అంతే మెత్తగా గోకింది. జీబ్రా ఆగిపోయింది. రెండోదాని దగ్గరకు వెళ్లింది. అక్కడా అంతే. ఇక మందను వదిలి వచ్చి మాటుగది గోడ పక్కన నిలబడింది. చెక్కల సందుల్లోంచి దాని వెచ్చని ఊపిరి వకుళ చేతికి తగిలింది.

ఆమె పడుకునే గదిలో ఒక మాటతోడు ఉంది, మనిషిలా కబుర్లాడే యంత్రం. అలసిపోయానంటే మృదువుగా కారణం అడుగుతుంది. నాలుగేళ్లలో ఒక్కసారీ అడ్డు తగల్లేదు, విసుక్కోలేదు, అలగలేదు. కొన్ని నెలలుగా ఆమె దానితో మాట్లాడటం మానేసింది. కోపం వచ్చి కాదు. మాట్లాడాలన్న ఆకలి చచ్చిపోయింది, అంతే.

జీబ్రా కంటికి కనిపించిన కాపరిని మర్నాడే పనిలోంచి తీసి కొండ దింపేస్తారు. దిగితే వెళ్లడానికి ఆమెకు ఎవరూ లేరు.

"మందను ఆపుతున్నాను, ఉమాపతీ."

"విడిదిలో అందరూ సూత్తన్నారక్కా. నీ ఉద్యోగం పోద్ది."

వకుళ మీట నొక్కింది. ఆరూ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఈగలు వాటి కళ్ల మీద వాలాయి.

ఆమె తలుపు తీసింది. జీబ్రా అదిరిపడి, చెవులు వెనక్కి పెట్టి ఇరవై అడుగులు పరుగెత్తి, తిరిగి చూసింది. మూడేళ్లుగా దాన్ని ఏదీ భయపెట్టలేదు. వకుళ గడ్డిలో కూలబడింది. దగ్గు వచ్చింది. జీబ్రా కాలితో నేలను తన్నింది. చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. దాని చెవులు ఒక్కొక్కటే ముందుకు తిరిగాయి. ఆమె మీంచి చూపు తిప్పకుండానే అది మెడ వంచింది. గడ్డి తెగుతున్న చప్పుడు వినిపించింది.

"అక్కా," ఉమాపతి గొంతు తగ్గించాడు. "అతిథులంతా అద్దాల కాడికొచ్చేసారు. మిగతావాటికి ఏటయిందని అడుగుతన్నారు. ఏటి సెప్పమంటావు?"

"మిగతావి లేనే లేవని చెప్పు," అంది వకుళ. "ఒక్కటే ఉందని చెప్పు."