తాడు లేని గంట

నవంబరు నెల. సాయంత్రం ఐదింటికే చీకటి. పక్కింటి కప్పు కూడా కనబడనంత పొగమంచు.

ఆ రేవులో పొద్దుగూకితే చర్చి గంటగోపురం ఛాయలకు ఎవరూ పోరు. గంట కొట్టే ఎలియాజర్ తాత కిందటి చలికాలం కన్నుమూశాడు. పోయినవాళ్లకు ఎన్నేళ్లుంటే అన్ని దెబ్బలు కొట్టి సాగనంపడం అక్కడి ఆనవాయితీ. ఆయనకు కొట్టబోయేసరికి తాడు పుచ్చి తెగింది. ఊరందరికీ కొట్టినవాడికి ఒక్క దెబ్బా దక్కలేదు. అప్పట్నుంచీ గోపురంలో అడుగుల చప్పుడు వినబడుతుందంటారు... కొత్త తాడు కట్టడానికి ఎవరూ ఎక్కలేదు.

అయినా డోర్కస్ బయల్దేరింది. మొగుడూ, ఇద్దరు కొడుకులూ ఇంకా సముద్రం మీదే, పడవలో ఉన్నారు. రేవు నోట్లో రాళ్లు. గంట వినబడితేనే వాళ్లకు దారి. భుజాన కొత్త తాడు చుట్ట, చేతిలో లాంతరు.

ఆడపడుచు వైలెట్ చర్చి వాకిట్లోనే ఆగిపోయింది. "నేను రాను వదినా. బతికుండగానే ఆ ముసలాయన నన్ను తిట్టని ఆదివారం లేదు."

"ప్రార్థనలో గురకపెడితే తిట్టరూ? ఇక్కడే ఉండు."

పడవలు చేసే చేతులే కట్టిన చర్చి అది. నెత్తిమీద దూలాలు బోర్లించిన పడవ పక్కటెముకల్లా ఉంటాయి. బల్లల వరసలు దాటి, జ్ఞానస్నానపు తొట్టి పక్కనున్న గోపురం తలుపు మీద చెయ్యి వేసింది.

ఠంగ్...

చెయ్యి వెనక్కి లాక్కుంది. పైన గంట. ఆగి... మళ్లీ ఒకటి.

పడవల్ని పిలిచే గంట గబగబా మోగుతుంది. ఇది అది కాదు. చావు గంట.

ఎవరికి?

లెక్కపెట్టింది. పదిహేను... పదహారు... పదిహేడు — చిన్నవాడు సెల్బీ వయసు.

"ఆగకు," అంది గుసగుసగా. "నీకు దణ్ణం పెడతా, ఆగకు..."

పద్దెనిమిది.

ఇరవై రెండు — పెద్దవాడు గార్లండ్. ఇరవై మూడు.

నలభై తొమ్మిది. హెడ్లీ... పెళ్లయ్యాక మొగుడి పేరు ఇంత మెల్లగా ఎప్పుడూ పిలవలేదు.

యాభై.

ఇంకా మోగుతూనే ఉంది. అరవై. డెబ్బై. డెబ్బై ఒకటి —

ఆగింది.

ఎలియాజర్ తాత వయసు.

ఎంతసేపు అక్కడే కూలబడి ఉందో... వాకిట్లో బూట్ల చప్పుడు, వైలెట్ కేక. "వదినా! వచ్చేశారు!"

సెల్బీ నవ్వుతూ వచ్చాడు, వెనకాలే తండ్రీ, అన్నా. "ఆ చప్పుడు పట్టుకునే వచ్చాం. కానీ అంత నెమ్మదిగానా అమ్మా! నీకంటే నత్త నయం."

డోర్కస్ భుజం మీది తాడు చుట్ట ముడి ఇంకా వీడనేలేదు.

తడిసిన తలలు ఒక్కొక్కటీ తడిమింది. ఒకటి. రెండు. మూడు.

నమ్మకం చాలక, మళ్లీ మొదట్నుంచి.