వందో క్లిక్

నీల్ ఆస్ట్రాండర్ బురిటో సగమే తిన్నాడు. మిగతా సగం ఒళ్లో ఉండగానే, కారు స్టీరింగ్ మీద తల వాల్చి, కునుకు తీస్తున్నట్టే చనిపోయాడు. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ.

మౌంటెన్ వ్యూ పోలీసులు గుండెపోటు అన్నారు. గూఢచారి విభాగం హత్య అంది.

"విషపు సూది," అన్నాడు చీఫ్ హార్లన్ బీచమ్ ఫైలు మూస్తూ. "బూడిద కొంగ ముఠా పని. తర్వాతి వంతు వాడి జోడీ, టియో లిండ్‌క్విస్ట్."

బల్లకు ఇవతల ఏజెంట్ లోర్నా కెస్లర్ కూర్చుని ఉంది. ఆమెకు ఎప్పుడూ చెడే ముందు తోస్తుంది. కొడుకు బడి నుంచి కాస్త ఆలస్యమైతే చాలు, మనసులో అంబులెన్సు కూత మొదలవుతుంది. విభాగంలో అందరూ నవ్వుతారు గానీ, ఇన్నేళ్లుగా ఆమె ప్రాణాలతో ఉన్నది ఆ భయం వల్లే.

నీల్, టియో ఇద్దరూ క్వెరిస్టా కంపెనీ ఇంజనీర్లు. ఆ 2002 వసంతంలో లోకమంతా ఏం కావాలన్నా క్వెరిస్టాలోనే టైపు చేసి వెతుక్కుంటోంది. జవాబుల పక్కన కుడివైపు చిన్న చిన్న ప్రకటనలు వస్తాయి. గుండెజబ్బు అని వెతికిన వాళ్లకు బూడిద కొంగ ముఠా ఆ ప్రకటనల్లోనే చక్కెర బిళ్లలను మందుబిళ్లలని అమ్ముతోంది. అలాంటి దొంగ ప్రకటనలను ఏరిపారేసే ప్రోగ్రామ్‌ను ఈ కుర్రాళ్లిద్దరూ రాశారు. ఈ రాత్రే టియో దాన్ని నడిపించబోతున్నాడు.

"అంతవరకూ వాడు బతకాలి. వెళ్లు," అన్నాడు హార్లన్.

లోర్నా తన మినీవ్యాన్‌లో కాస్ట్రో వీధికి వెళ్లింది. వెనక చైల్డ్ సీటు కింద రేడియో, చెవి కమ్మలో రిసీవర్, బ్లౌజు కాలర్‌లో మైకు. ఎర్ర హైహీల్స్ టకటకలాడించుకుంటూ ఒకామె వచ్చి కిటికీ దగ్గర వంగింది.

"ఈ వీధిలో పార్కింగ్ దొరుకుతుందా?"

"నమ్మకం ఉన్నవాళ్లకు దొరుకుతుంది."

కోడ్ సరిపోయింది. ఆమె ఎక్కి కూర్చుని తలుపు లాగింది. పేరు కమీల్ డ్యువో. క్వెరిస్టాలో ప్రకటనలు అమ్ముతుంది. బూడిద కొంగ దగ్గరా జీతం తీసుకుంటుంది, విభాగం దగ్గరా తీసుకుంటుంది.

"ఇంతకీ నువ్వు ఎవరి మనిషివమ్మా?" అంది లోర్నా.

"నన్ను బతకనిచ్చే వాళ్ల మనిషిని. విను. ఆ హంతకుడి మొహం నాకూ తెలీదు. వాడికి ఫోన్లు రావు, ఉత్తరాలు రావు. 'నీలం టీపాట్‌కి ఎడమ పిడి' అని నాలుగింటికి క్వెరిస్టాలో వెతుకుతాడు. పక్కన 'ఈరోజే రిపేర్' అన్న ప్రకటన కనిపిస్తే టియో పని అయిపోయినట్టే. కనబడకపోతే వెనక్కి వెళ్లిపోతాడు."

"ఆ ప్రకటన తీసేయ్."

"నేను తీసినా, మీరు టియోని దాచేసినా నేనే ఉప్పందించానని వాళ్లకు తెలిసిపోతుంది. రేపు నా మెడ మీదా దోమ కుడుతుంది."

లోర్నా వెంటనే చీఫ్‌ను రేడియోలో పిలిచింది.

"మంచిదే," అన్నాడు హార్లన్. "ప్రకటన ఉండనీ. టియోని ఎరగా వేద్దాం. హంతకుడు సూది తీయగానే పట్టుకుందాం."

"పట్టుకోలేకపోతే?"

"పట్టుకుంటాం."

"మనవాడికి తుమ్ము వస్తే? కారు అడ్డం వస్తే? ఎవరో టైమెంత అని అడిగితే? సార్, టియోని వాళ్లమ్మ తొమ్మిది నెలలు మోసి కన్నది మనం ఎరగా వెయ్యడానికి కాదు."

"ఇది ఆర్డర్ లోర్నా. నీ తుపాకీ అప్పగించి ఇంటికెళ్లు."

"తుపాకీ పంపిస్తా. ఇంటికి మాత్రం వెళ్లను."

రేడియో కట్టేసింది. కమీల్ ఆమె వంక వింతగా చూసింది.

"ఆ ప్రకటనకు వాళ్లు డబ్బు ఎలా కడతారు?" అని అడిగింది లోర్నా.

"అందరిలాగే, క్లిక్‌కి ఇంత అని. ఎవరైనా నొక్కితే అయిదు సెంట్లు పడుతుంది. రోజు బడ్జెట్ అయిదు డాలర్లు. పిసినారి వెధవలు. చూసేది ఒక్కడేగా, ఎక్కువ ఎందుకనుకున్నారు."

"బడ్జెట్ అయిపోతే?"

"ప్రకటన దానంతట అదే మాయమవుతుంది. రేపు పొద్దున దాకా రాదు. ఎవరి మీదా అనుమానం రాదు." కమీల్ ఆగింది. "కానీ వంద క్లిక్‌లు కావాలి. ఒకే కంప్యూటర్ నుంచి మళ్లీ మళ్లీ నొక్కితే లెక్కలోకి రాదు. మా ఆఫీసువీ చెల్లవు. వందమంది ఏజెంట్లున్నారా నీ దగ్గర?"

లోర్నా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సెల్‌ఫోన్ తీసింది.

బడికి హఠాత్తుగా సెలవిస్తే తల్లులకు కబురు పాకే పద్ధతి ఒకటుంది. ఒకామె ఇద్దరికి చెబుతుంది, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి. ఆ ఫోన్ గొలుసులో వచ్చిన మాటను కాదన్న తల్లి ఆ ఊళ్లో లేదు.

"గ్రెటా? నేను లోర్నాని. ఫోన్ గొలుసు కదిలించాలి."

"అయ్యో, బడికి ఏమైంది?"

"బడికి ఏం కాలేదు. క్వెరిస్టా తెరిచి నేను చెప్పే మాటలు కొట్టండి. కుడిపక్క టీపాట్ ప్రకటన వస్తుంది. దాన్ని ఒక్కసారి నొక్కండి. ఒక్కసారే."

"నొక్కితే?"

"ఒక తల్లికి కడుపుకోత తప్పుతుంది. ఇంతకంటే అడక్కు."

గ్రెటా నిజంగానే అడగలేదు. "మారిసోల్ వాళ్లింట్లో రెంటికీ ఒకటే లైను, ఇంటర్నెట్ తగిలించాక ఫోన్ పనిచెయ్యదు. ఆవిడకి ముందు చెప్పాలి," అని పెట్టేసింది.

లోర్నా శాండ్‌విచ్‌లు తెచ్చే మనిషి వేషం వేసుకుని, ఏప్రన్, టోపీతో క్వెరిస్టా లాబీలోకి వెళ్లింది. కమీల్ పైన తన సీట్లో కూర్చుని, తెర మీద లెక్క చూస్తూ లోర్నా చెవి కమ్మలోకి చెబుతోంది.

"ముప్పై దాటింది. అరవై. ఎవరమ్మా వీళ్లంతా?"

లాబీలో ఉద్యోగార్థులు బారు తీరి కూర్చున్నారు. అది కంపెనీలు వరసగా మూతపడుతున్న కాలం. అందరివీ ఒకేలాంటి సూట్లు, ఒకేలాంటి ఫోల్డర్లు. నాలుగింటికి టియో తనే కిందికి దిగివచ్చి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి పైకి తీసుకెళతాడు. చెయ్యి కలిపేంత దగ్గరగా.

"తొంభై తొమ్మిది," అంది కమీల్. "ఆగిపోయింది."

లోర్నాకు అర్థమైంది. బడి వదిలే వేళ. తల్లులందరూ కార్లలో బడి గేటు ముందు క్యూలో ఉన్నారు. ఇళ్లలో ఎవరూ లేరు.

అప్పుడే ఒక సూటువాడు బారులోంచి లేచి, సందర్శకుల కోసం పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. జేబులో లావుపాటి ఫౌంటెన్ పెన్ను. రెండు వేళ్లతో నింపాదిగా కొడుతున్నాడు. నీలం... టీపాట్‌కి...

లోర్నా కాలర్ నోటి దగ్గరికి లాక్కుంది. "చీఫ్, మీ బల్ల మీద కంప్యూటర్ ఉంది. టీపాట్ ప్రకటన నొక్కండి."

"ప్రభుత్వ కంప్యూటర్ మీద టీపాట్లు చూడమంటావా? నిన్ను ఇంటికెళ్లమన్నాను కదా."

"వాడు నా ముందే కూర్చున్నాడు. టియో మెట్లు దిగుతున్నాడు. తర్వాత నా ఉద్యోగం పీకేయండి. ముందు నొక్కండి."

మెట్ల మీద టియో చెప్పుల చప్పుడు. సూటువాడు పెన్ను మూత తిప్పాడు. ఎంటర్ కొట్టాడు.

పేజీ తెరుచుకుంది. కుడివైపు తెల్లగా ఉంది.

వాడు మళ్లీ కొట్టాడు. మళ్లీ తెలుపే.

"మీరేనా తర్వాత?" అంటూ టియో చెయ్యి చాచాడు. మొహం ఇంకా పసిగానే ఉంది.

సూటువాడు ఆ చేతిని చూశాడు, తెరను చూశాడు. పెన్ను మూత పెట్టేశాడు. "వేరే కంపెనీ అనుకుని వచ్చాను," అని లేచి బయటికి నడిచాడు.

"కార్ల దగ్గరికి వస్తున్నాడు. బూడిద సూటు," అని కాలర్‌లో చెప్పి లోర్నా వాడి వెనకే గుమ్మం దాటింది.

"బాబూ, మీ పెన్ను పడిపోయింది," అని కేకేసింది.

వాడు ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు. ఆ క్షణంలోనే, హార్లన్ కార్ల దగ్గర కాపు పెట్టిన ఇద్దరు ఏజెంట్లు వాడి రెండు చేతులూ విరిచిపట్టారు. పెన్ను లోపల సిరా లేదు, సూది ఉంది.

ఆ రాత్రి టియో ప్రోగ్రామ్ నడిచింది. చక్కెర బిళ్లల ప్రకటనలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

మర్నాడు హార్లన్ ఆమె తుపాకీని బల్ల మీద ముందుకు తోశాడు. "నీ మీద చర్య లేదు. కానీ ఆ తొంభై తొమ్మిది మంది ఎవరు? వాషింగ్టన్‌కు పేర్లు పంపాలి."

"గొలుసులో వాళ్ల పేర్లు బయటపెట్టం సార్. పైగా నొక్కారు కాబట్టి మీరూ అందులో చేరిపోయారు. శుక్రవారం బడి నిధి కోసం తల్లులు కేకులు అమ్మే బేక్ సేల్ ఉంది. మీ వంతు రెండు డజన్ల కప్‌కేకులు."

హార్లన్ నిట్టూర్చి పర్సు తీశాడు.

"అది లోపల పెట్టేయండి," అంది లోర్నా. "కొన్నవి చెల్లవు. ఇంట్లో చేసి తేవాలి."