మూడు రకాల బండి

హేమావతి ఉగ్గాని పళ్లెం తెచ్చిపెట్టి చాలాసేపైంది. సాయినాథ్ దాని వంక కూడా చూడలేదు. ఫోనులో ఎవడో బెంగళూరు కుర్రాడు ఒకే బండిని మూడు రకాలుగా వరసన నిలబెట్టి, దేనికేముందో దేనికేం లేదో పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. రోడ్డు మీద దూరాభారాలు పోవడానికి చేసిన పొడుగుకాళ్ల మోటారుసైకిలు అది. మూడింటికీ ఇంజను ఒకటే. కింది రకానికి మామూలు అల్లాయ్ చక్రాలు. నడిమి దానికి గాలి ఆపే పొడుగాటి అద్దం, వెనక సామాన్ల పెట్టె. పై రకానికి ఊచల చక్రాలు, రంగుల తెర, క్లచ్ పట్టకుండానే గేరు మార్చే సదుపాయం. నెలల తరబడి వినీ వినీ హేమావతికే కంఠతా వచ్చేసింది.

"ఇంకా ఎన్నాళ్లు చూస్తావప్పా? చెప్పి చెప్పి ఆ పిల్లోని గొంతు పోతాండాది, నీకు మాత్రం తెగల్యా."

"ఉండు మే. పైదానికి క్రూయిజ్ కంట్రోల్ ఉండాది. అయినా నాకు కిందిదే మేలనిపిస్తాండాది."

"కిందిది మేలంటావు, మళ్లా పైదాన్నే చూస్తావు. పెండ్లిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూడలేదు కదప్పా నువ్వు!"

సాయినాథ్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. పెనుకొండ ఆఫీసులో గుమాస్తా. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చే మనిషి. కూరలో ఉప్పు తక్కువైతే ఆ మాట చెప్పడానికి కూడా మొహమాటపడే మనిషి. ఇటువంటివాడికి కొండలెక్కే బండి! ఎక్కడికి పోతావంటే హంపి, కూర్గు, గోకర్ణం అంటాడు. ఎవరితో అంటే మాత్రం నోరు పెగలదు. ఇంకెవరితో, ఒక్కడే! ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు, ఆ సంగతి చెప్పే ధైర్యం కూడా లేదు. మొగుడు తనకు దూరంగా పారిపోవడానికి వాహనం వెతుక్కుంటున్నాడన్న దిగులు ఆమెను లోపల కోసేస్తోంది. పైకి మాత్రం వెటకారమే వస్తోంది.

చిన్నప్పటి నుంచి గుంత మగ్గంలో కూర్చుని నేసినందుకు ఆమె తుంటి పట్టేసింది. కాలు మోకాటికి మించి లేవదు. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. ఎవరు ఎక్కడికి రమ్మన్నా "అంగడి ఇడిసిపెట్టి యాడ వచ్చేది?" అనేస్తుంది. ఇప్పుడు మగ్గం మానేసి తమ పట్టుచీరల అంగడి చూసుకుంటోంది.

ఆ అంగడిలో ఆమెకో పద్ధతి ఉంది. ఒకే రంగు చీరను సన్నంచు, పెద్దంచు, నిండు జరీ అని మూడు రకాలుగా పరుస్తుంది. ఎవరైనా సన్నంచు చీరనే మళ్లీ మళ్లీ తడుముతున్నారంటే వాళ్ల మనసు జరీ మీద ఉన్నట్టే. అడగడానికి సిగ్గు, అంతే. అప్పుడు మాటా పలుకూ లేకుండా జరీ చీర తీసి వాళ్ల భుజాన వేసేస్తుంది. ఆ చీర మళ్లీ అల్మారాలోకి రాదు.

మొగుడి విషయంలోనూ అదే చేసింది. పోయేవాడు ఎలాగూ పోతాడు, ఈ నస ఐనా వదులుతుందని హిందూపురం షోరూముకు ఫోను చేసి, పై రకం బండి బుక్ చేసేసింది.

ఆదివారం నాడు చీరలిచ్చే పనుందని చెప్పి అతణ్ని తనతోపాటు హిందూపురం రైలెక్కించింది. మెట్ల దగ్గర అతను చేయి అందించబోతే విదిలించి కొట్టింది. పెనుకొండ రాగానే సాయినాథ్ అలవాటు చొప్పున లేచి నిలబడ్డాడు.

"కూర్చోప్పా. ఈ పొద్దు ఆఫీసు లేదు." ఎదుటివాళ్లు నవ్వారు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇతను గోకర్ణం పోతాడట!

షోరూములో బండికి బంతిపూల దండ వేసి ఉంచారు. సేల్స్ కుర్రాడు ఉమేష్ టెంకాయ పట్టుకుని ఎదురొచ్చాడు. సాయినాథ్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక సీటు మీద అరచేయి ఆనించాడు. మొహం వాడిపోయింది.

"ఇది వద్దు మే."

హేమావతి ఇక ఆపుకోలేకపోయింది. "వద్దా? అగ్గువది కావాలంటావు, ఖరీదుది చూస్తావు. తీరా తెచ్చి ముందర పెడితే వద్దంటావు. ఒక బండి తేల్చుకోలేవు, ఒక మాట చెప్పలేవు. నాతో ఉండలేకపోతే ఉండలేనని చెప్పప్పా! పో, దీన్నెక్కి యాడికైనా పో!"

ఉమేష్ నీళ్లు నమిలాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. అన్న శనివారం శనివారం ఈడికి వస్తాంటాడు. ఒక్కసారి కూడా హ్యాండిలు పట్టుకోలేదు. వెనక సీటు ఎక్కేది, దిగేది. ఎక్కేది, దిగేది. మాకు ఒకటే నవ్వు."

హేమావతి మొగుడి వైపు చూసింది. అతను చెప్పుల వంక చూస్తున్నాడు.

"నీ కాలు ఎంతవరకు లేస్తాదో నాకు తెలీదా మే? గడప దాటేటప్పుడు చూస్తానే ఉంటాను. కిందిదైతే సీటు తగ్గుగా ఉండాది. నడిమిదానికి పెట్టె అడ్డం. పైదానికి స్ప్రింగులు పొడుగు, నీకు అందదు."

"మరి దాన్నే ఎందుకు చూస్తివి?"

"ఆశ ఉండదా? చూస్తే ఏం పోతాది?"

"నాతో చెప్పొచ్చు కదప్పా!"

"చెప్తే అంగడి ఎవరు చూస్తారంటావు. బండి తెచ్చి వాకిట్లో నిలబెడితే, ఒక్కసారైనా నువ్వు ఎక్కకపోతావా అనుకున్నా."

ఆమె మొండిది. దండ వేసిన బండి దగ్గరకు పోయి, సీటు పట్టుకుని కాలెత్తింది. సగంలోనే తుంటి పట్టేసింది. ఇంకోసారి ఎత్తింది. దండ తెగి బంతిపూలు నేల మీద రాలాయి. ఇన్నేళ్లూ తాను దాచానని అనుకున్నది ఈ నోరులేని మనిషి రోజూ చూస్తూనే ఉన్నాడు. నవ్వేవాళ్ల ముందు ఎక్కి దిగి, ఎక్కి దిగి, తన కాలికి సరిపోయే బండి కోసం వెతుకుతున్నాడు. తానేమో అతణ్ని తీసిపారేసింది. కళ్లనీళ్లు పొంగుకొచ్చాయి. అందరూ చూస్తున్నారని కూడా తుడుచుకోలేదు.

"ఉమేషూ, కిందిది చూపించు."

"అక్కా, బుకింగు దీని మీద..."

"బుకింగు మార్చుకోవచ్చు లేప్పా. ముందు బండి చూపించు!"

కింది రకం బండి ఓ మూలన ఉంది, దండా బొట్టూ లేకుండా. షోరూమువాళ్లు దాన్ని కదలకుండా స్టాండు వేసి పట్టుకున్నారు. సాయినాథ్ మొదటిసారి ముందు సీటులో కూర్చుని హ్యాండిలు పట్టుకున్నాడు. హేమావతి అతని భుజం మీద చేయి వేసింది. నొప్పికి పళ్లు బిగించి కాలెత్తింది. కాలు అవతలికి పడింది.

"యాడికి పోదాం మే?" వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఉండప్పా," అంది ఆమె, అతని వీపుకు నుదురు ఆనించి. "కొంచేపు ఈడనే కూచుందాం."

ఉమేష్ టెంకాయ పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. కదలని బండి మీంచి ఆ ఇద్దరూ ఎంతసేపటికీ దిగలేదు.